ఇరవై ఒక్క పళ్ళ ఆలస్యం

పోయిన వారం షాలోమ్‌ను మనం కొండపంట కాఫీ సొసైటీ ఆఫీసు వరండాలో, గోళ్ళు కొరుక్కుంటూ నిలబడి ఉండగా వదిలేశాం. ఎందుకు కొరుక్కుంటోందో మరిచిపోయినవాళ్ళ కోసం, ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి లోపలికి వెళదాం.

సొసైటీ కింద పన్నెండు కొండ ఊళ్ళున్నాయి. కోతల రోజుల్లో ఊరికొక ఆడమనిషి మధ్యాహ్నం మూడు లోపు ఫోన్లో సొసైటీ సైటు తెరిచి ‘బండి కావాలి’ అని నొక్కాలి. నొక్కితే సాయంత్రానికి బండి వచ్చి ఆ రోజు కోసిన కాఫీ పళ్ళను అరకు తీసుకొస్తుంది. నొక్కకపోతే రాదు. కాఫీ పండుకి కోసిన రోజే తొక్క తీయాలి. తెల్లారేదాకా బస్తాలో ఉంటే పులిసి, నల్లబడి ఎరువుగుంటకే పనికొస్తుంది.

ఈ కోతలు మొదలైన దగ్గర్నుంచి సగం ఊళ్ళకి బండి వెళ్ళడం లేదు. కమిటీ పెద్దలు రెండు సార్లు టీ తాగి కారణం కనిపెట్టారు. ఆడవాళ్ళకి ఫోన్ చేతకాదట. నొక్కడం మరిచిపోతారట, లేకపోతే ‘బండి వద్దు’ మీద నొక్కేస్తారట. అందుకని బుకింగ్ పని వాళ్ళ చేతుల్లోంచి తీసేసి పాత ఏజెంటు కొండబాబుకి అప్పగిద్దామని తీర్మానం రాసి పెట్టుకున్నారు. కొండబాబు రోజుల్లో ఈ ఆడవాళ్ళు బస్తాలేసుకుని రోడ్డు పక్కన పొద్దుగూకేదాకా కూర్చునేవారు. ఏ ఊరికి బండి వెళ్ళాలో, ఎవరి పళ్ళు పండాయో, ఎవరివి పచ్చివో అతను చెప్పిందే మాట. ఆ కూర్చోవడం ఈ బటన్ వచ్చాకే ఆగింది.

షాలోమ్ సాలూరు మిషన్ స్కూలు మాస్టారు సైలస్ గారి అమ్మాయి. వయసు ఇరవై నాలుగు. సొసైటీలో కంప్యూటర్ పని చూస్తుంది. పోయిన మీటింగులో ఎవరూ అడక్కుండానే లేచి, “తప్పు వాళ్ళది కాదు సార్, పేజీది. శుక్రవారం నిరూపిస్తాను” అని కూర్చుంది. ఇవాళ ఆ శుక్రవారం.

సంత ఆటోలు రెండు ఆఫీసు ముందు ఆగాయి. పన్నెండు మంది దిగారు. అందరి కొంగు చివరా ఒక ముడి ఉంది. ముందు నడుస్తున్నది లింబగుడ వరమ్మ. యాభై దాటిన మనిషి, కొండెక్కితే మాత్రం కుర్రవాళ్ళు వెనకబడాల్సిందే.

“ఏటి గుంటా, ఇక్కడే నిలబడిపోనావు? లోనకి పద,” అంది.

“భయంగా ఉందత్తా.”

“భయమెందుకు? మనమేటి దొంగతనం సేసినామా? కొంగులో ముడేసుకుని తెచ్చినాం. పద.”

లోపల పొడుగాటి బల్లకి ఆ చివర ప్రెసిడెంటు జగన్నాథరావు కూర్చున్నారు. పాతికేళ్ళుగా సొసైటీని పిల్లలాగా పెంచిన మనిషి. కోపం బేగి వస్తుంది, బేగి పోతుంది. ఆయన పక్కన విశాఖ నుంచి వచ్చిన ఫల్గుణ, సైటు తయారు చేసిన కంపెనీ కుర్రాడు, ల్యాప్‌టాప్ తెరుచుకుని ఉన్నాడు. కిటికీ దగ్గర కొండబాబు ఇస్త్రీ చొక్కాలో, కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. తీర్మానం పాసైపోయినట్టే కూర్చున్నాడు.

“ముందు నువ్వు చెప్పవయ్యా,” అన్నారు ప్రెసిడెంటు.

ఫల్గుణ ల్యాప్‌టాప్‌ను అందరివైపూ తిప్పాడు. తెర మీద ఆకుపచ్చ గుండ్రం, మధ్యలో తొంభై ఆరు. “వందకి తొంభై ఆరు సార్. పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటోందో కొలిచే స్కోరు ఇది. మా కస్టమర్లలో ఇంత మంచి స్కోరు ఇంకెవరికీ లేదు.” ఆఫీసు ఫైబర్ మీద పేజీ తెరిచి చూపించాడు. నొక్కేలోపే వచ్చేసింది.

“కంప్లయింట్లు?”

“ఎక్కువగా వచ్చింది ఒకటే సార్. పేజీ తెల్లగా ఉంటోందని. పదకొండు సార్లు వచ్చింది. మేం వెంటనే రంగు మార్చేశాం. ఇప్పుడు లేతాకుపచ్చ. క్లోజ్ చేశాం.”

షాలోమ్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆడవాళ్ళు ఫోన్ చేసి చెప్పింది ‘పేజీ తెల్లబోయి ఉండిపోతంది’ అని. అంటే ఏమీ రాకుండా, దిక్కుతోచనట్టు ఉండిపోతోందని. ఫోన్ ఎత్తినవాళ్ళు తెల్లగా ఉందని రాసుకున్నారు. విశాఖలో ఎవరో గోడ రంగు మార్చినట్టు పేజీ రంగు మార్చేశారు.

“ఔను బాబూ,” అంది వరమ్మ. “మీరు రంగేసినకాడ్నించి పచ్చగా తెల్లబోతంది.”

పన్నెండు మంది ఆడవాళ్ళూ ఒక్కసారి నవ్వారు. ఫల్గుణ కూడా నవ్వబోయి, విషయం తలకెక్కి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. తన బల్ల మీద అన్నీ బాగానే పనిచేస్తున్నప్పుడు కొండ మీద ఏమవుతోందో చూడాలని ఎవరికి మాత్రం తడుతుంది?

“సార్, మేం కూడా కొలిచాం,” అంది షాలోమ్. “వారం రోజులు కొలిచాం. ఊళ్ళోనే, తోటలోనే, వాళ్ళ ఫోన్లతోనే.”

“దేంతో కొలిచారమ్మా? గడియారంతోనా?”

“పళ్ళతో సార్.”

మొదట షాలోమ్ సెకన్లు లెక్కపెట్టమనే చెప్పింది. వరమ్మ ఒప్పుకోలేదు. ‘సెకన్లు మాకేటి తెలుస్తాయి గుంటా, పళ్ళు తెలుస్తాయి’ అంది. ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని, పేజీ తెరవమని నొక్కి, కుడి చేత్తో పళ్ళు కోస్తూ ఉంటుంది. బటన్ కనబడగానే చెయ్యి ఆపేస్తుంది. చేతిలో ఎన్ని పళ్ళుంటే అంత ఆలస్యం. షాలోమ్ నమ్మకం కోసం పక్కన వాచీ పెట్టి చూసింది. వరమ్మ ఒంటి చేత్తో నిమిషానికి యాభై ఎనిమిది పళ్ళు కోస్తుంది. పొద్దున కోసినా, మధ్యాహ్నం కోసినా, యాభై ఏడో, యాభై తొమ్మిదో. ముప్పై ఏళ్ళు చేసిన పని ఆ చేతిలో గడియారం అయి కూర్చుంది. మిగిలిన పదకొండు మందివీ అలాంటి చేతులే.

“ఇవాళ పొద్దున కోసినవి తెచ్చారు సార్. పొయ్యమనండి.”

ఒక్కొక్కరే వచ్చి కొంగు ముడి విప్పి బల్ల మీద పోశారు. షాలోమ్ చిన్న కుప్ప నుంచి పెద్ద కుప్ప దాకా వరసగా సర్దింది. మొదటి కుప్పలో ఆరు పళ్ళు, రోడ్డు పక్క ఊరిది. చివరిది గట్టు మీది ఊరి మాధవి పోసినది, యాభైకి పైనే. పళ్ళు దొర్లి ప్రెసిడెంటు గారి ఫైలు కిందకి పోయాయి. ఎర్రటి పళ్ళ కుప్పలు పన్నెండు ఆ బల్ల పొడుగునా నిలబడేసరికి, తొంభై ఆరు చూపిస్తున్న ఆ ల్యాప్‌టాప్ వంక ఎవరూ చూడలేదు.

“వీటన్నిటికీ సగటు తీసి చెప్పమ్మా, ఒక్క ముక్కలో,” అన్నారు ప్రెసిడెంటు.

“సగటు వద్దు సార్. సగటు తీస్తే రోడ్డు పక్క ఊరి ఆరు పళ్ళు చూపించి మాధవి కష్టాన్ని దాచేస్తాం. ఇదిగో, ఈ చిన్న కుప్ప నుంచి లెక్కపెట్టుకుంటూ తొమ్మిదో కుప్ప దగ్గర ఆగుదాం. పన్నెండులో తొమ్మిది. అంటే ముప్పావు వంతు మందికి ఇంతలోపు వస్తోంది అని ధైర్యంగా చెప్పగల చోటు ఇది. మిగతా ముగ్గురికీ ఇంతకంటే ఎక్కువే పడుతోంది.”

తొమ్మిదో కుప్ప వరమ్మది. ప్రెసిడెంటు గారే వేలితో ఒక్కొక్క పండూ పక్కకి జరుపుతూ లెక్కపెట్టారు. ఇరవై ఒకటి.

“ఇరవై ఒక్క సెకన్లు,” అన్నాడు ఫల్గుణ తనలో తను. తర్వాత పైకి అన్నాడు. “షాలోమ్ గారు చెప్పింది సరైన పద్ధతే సార్. కొలవాల్సింది అక్కడే. మా స్కోరు ఆఫీసు కంప్యూటర్ మీద తీసింది.”

“అందులోనే తక్కువ సిగ్నల్, తక్కువ రకం ఫోన్ అని పెట్టుకునే వీలుంది కదండీ,” అంది షాలోమ్. “ఒకసారి అది పెట్టి కొలవండి.”

ఫల్గుణ పెట్టాడు. గుండ్రం చాలా సేపు తిరిగింది. ఆకుపచ్చ పోయి ఎరుపు వచ్చింది. మధ్యలో ఇరవై మూడు.

కిటికీ దగ్గర కొండబాబు కాలు మీది కాలు దించాడు. షాలోమ్ అది చూసింది. గర్వంగా అనిపించింది. తన గురించి కాదు, ఆ కుప్పల గురించి. విశాఖ యంత్రం ఇప్పుడు ఒప్పుకున్న సంగతిని ఈ పన్నెండు మంది చెట్టు దగ్గర నిలబడి ఈ వారంలోనే తేల్చేశారు.

“మరి ‘వద్దు’ అని నొక్కడం సంగతేటి?” అన్నాడు కొండబాబు. “పేజీ నెమ్మదిగా వొస్తే వొచ్చింది. ‘కావాలి’ నొక్కమంటే ‘వద్దు’ నొక్కినోళ్ళ తప్పు కాదా? పేజీ సెయ్యి పట్టుకుని నొక్కించిందేటి?”

“ఔనండీ, పేజీయే నొక్కించింది,” అంది షాలోమ్. “ఫల్గుణ గారూ, ఇదే సిగ్నల్‌తో పేజీ మెల్లగా తెరిచి చూపించండి.”

అందరూ వంగి చూశారు. లేతాకుపచ్చ ఖాళీ చాలాసేపు ఉంది. ఆ తర్వాత రెండు బటన్లు వచ్చాయి. పైన ‘బండి వద్దు’, కింద ‘బండి కావాలి’. ఫల్గుణ వేలు ‘కావాలి’ మీదకి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే పేజీ పైభాగాన ఒక పెద్ద ఫోటో దిగింది. దాని బరువుకి బటన్లు రెండూ కిందకి జారాయి. ‘కావాలి’ ఉన్న చోటికి ‘వద్దు’ వచ్చి కూర్చుంది. ఫల్గుణ వేలు దాని మీదే పడింది. ‘మీ బండి రద్దయింది’ అని వచ్చింది.

విశాఖలో ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు కూడా ‘వద్దు’ అనే నొక్కాడు మరి.

“పేజీ మొత్తం మూడు ఎంబీ సార్,” అంది షాలోమ్. “అందులో రెండున్నర ఆ ఒక్క ఫోటోదే. సిగ్నల్ అంతా దాన్ని మోయడానికే సరిపోతోంది. బటన్లు ఆలస్యం అవుతున్నది దాని వల్లే, జారుతున్నదీ దాని వల్లే.”

ఆ ఫోటో ఎవరిదో చెప్పాలి. శాలువా, పూలదండ, చేతిలో జ్ఞాపిక, మొహం నిండా నవ్వు. ఉత్తమ సొసైటీగా సన్మానం జరిగిన రోజున తీసిన జగన్నాథరావు గారి నిలువెత్తు ఫోటో.

ప్రెసిడెంటు గారి మెడ ముందు ఎర్రబడింది, తర్వాత మొహం. “ఆ సన్మానం నాది కాదు, సొసైటీది. పన్నెండు ఊళ్ళ గౌరవం అది,” అన్నారు. గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువుంది.

“ఔను బాబూ, మాకూ గొప్పే,” అంది వరమ్మ నెమ్మదిగా. “కానీ నీ మొకం మాకెరికే కదా. పాతికేళ్ళకాడ్నించి సూత్తన్నాం. ఇంకోపాలి సూడ్డానికి ఇరవై ఒక్క పళ్ళు కోసినంతసేపు ఆగమంటే ఎలాగ?”

ఆయన వరమ్మ వైపు చూశారు. బల్ల మీది కుప్పల వైపు చూశారు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పెద్దగా నవ్వేశారు. ఆ నవ్వుతో గది తేలికపడింది. నవ్వు ఆగాక ఆయన అడిగిన ప్రశ్న మాత్రం షాలోమ్ రెండు రోజులుగా భయపడుతున్న ప్రశ్నే.

“అది సరే. ఇంత పెద్ద ఫోటోని అక్కడ ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టిందెవరు? నేను ఫోటో ఇచ్చాను గాని ఇంత బరువుతో పెట్టమన్నానా?”

ఫల్గుణ రికార్డు తెరిచాడు. ఏ రోజు, ఎవరి పేరుతో, ఏ ఫోటో ఎక్కిందో అందులో ఉంటుంది. చదివాడు. తలెత్తి షాలోమ్ వైపు చూసి మళ్ళీ తల దించుకున్నాడు. “ఇక్కడ సరిగ్గా కనబడటం లేదు సార్. ఆఫీసుకి వెళ్ళి చూసి చెప్తాను.”

మంచి కుర్రాడు. ఆ అబద్ధాన్ని అలా వదిలేస్తే కథ అక్కడితో సుఖంగా అయిపోయేది. తీర్మానం చిరిగేది, షాలోమ్‌కి చప్పట్లు దక్కేవి. ఆమెకి ఆ సంగతి రెండు రోజుల కిందటే తెలుసు. ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండునని ప్రార్థన కూడా చేసుకుంది. ఇప్పుడు అడిగారు.

“నేనే పెట్టాను సార్,” అంది.

కొండబాబు లేచి నిలబడ్డాడు.

“ఉద్యోగంలో చేరిన మొదటి వారం. మీరు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. క్లియర్‌గా కనబడాలని తగ్గించకుండా ఉన్నదున్నట్టు ఎక్కించేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను. బళ్ళు రద్దవడం మొదలైంది కూడా ఆ మర్నాటినుంచే. తేదీలు చూశాను.” ఆమె ప్రెసిడెంటు నుంచి తిరిగి వరమ్మ ముందుకొచ్చి నిలబడింది. “అత్తా, కోతలు మొదలైన వారం మీ రెండు బస్తాలు నల్లబడ్డాయి కదా. మీ వేలు తప్పు నొక్కలేదు. నా వల్ల నొక్కింది.”

ఇక్కడ వరమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఆ రెండు బస్తాలూ ఎరువుగుంటలో పోసిన రోజు నుంచి ఆమె బటన్ నొక్కడం మానేసింది. పళ్ళ లెక్క కోసం పేజీ తెరిచేది గాని, బటన్ వచ్చాక ఫోన్ కోడలు కనక చేతికి ఇచ్చేసేది. ఊళ్ళో అడిగినవాళ్ళకి ‘నా ఏళ్ళు మొద్దుబారిపోనాయి, తప్పు నొక్కుతన్నాయి’ అని చెప్పుకుంది. నలుగురికీ పళ్ళు కోయడం నేర్పిన మనిషి తన వేళ్ళకి తనే సిగ్గుపడింది.

వరమ్మ కాఫీ పసరుతో నల్లబడిన కుడిచేతి చూపుడు వేలుని ఎత్తి, వెలుగులో పెట్టి చూసుకుంది.

“అయితే ఈ ఏలు మంచిదే,” అంది.

“మంచిదే అత్తా.”

“మరి నువ్వు పెట్టినప్పుడు సూసుకోనేదేటి?”

“చూశాను. ఈ గదిలోనే కూర్చుని చూశాను. ఇక్కడ వెంటనే వచ్చేసింది.”

“అదీ సంగతి. కొండెక్కి సూడాల,” అంది వరమ్మ. తిట్టినట్టూ లేదు, క్షమించినట్టూ లేదు. కొత్తగా కోతకొచ్చిన పిల్లకి పచ్చి పండు ఏదో, పండిన పండు ఏదో చెప్పినట్టుంది. “తప్పు సేసినావు. పది మందిలో సెప్పినావు. సెప్పకపోతే నాను ఈ ఏలుని తిడతానే ఉండేదాన్ని. ఇప్పుడు బేగి బాగుసెయ్యి.”

“ఏటి బాగుసేసేది?” అన్నాడు కొండబాబు. “సైటు పాడయిందని తేలిపోనాది. పాడు సేసింది ఈ గుంటేనని ఆవిడ నోటితోనే సెప్పింది. ఇంకేటి బాబూ, తీర్మానం మీద సంతకం పెట్టీండి. రేపట్నించి నాను సూసుకుంటాను.”

జగన్నాథరావు గోడ గడియారం చూశారు. రెండూ పది. “మూడు దాకా బుకింగ్ ఉంది. ఇదెంతసేపు పడుతుందమ్మా?”

“పావుగంట సార్.”

“సంతకం ఎక్కడికీ పోదు కొండబాబూ. కూర్చో.”

షాలోమ్ ఫోటోని తగ్గించింది. రెండున్నర ఎంబీ కాస్తా నలభయ్యో వంతుకి దిగింది, శాలువా మీది జరీ మాత్రం ఇంకా కనబడుతూనే ఉంది. ఫల్గుణ ఆమె పక్కకి కుర్చీ లాక్కున్నాడు. బటన్లు పైకి తెచ్చాడు, ఫోటోని వాటి కిందకి దించాడు. ఫోటో ఎప్పుడు వచ్చినా బటన్లు కదలకుండా ముందుగానే దానికి చోటు కట్టి పెట్టాడు. ‘కావాలి’ని పచ్చగా పెద్దది చేసి, ‘వద్దు’ని చిన్నది చేసి దూరంగా నెట్టాడు. లేతాకుపచ్చ రంగుని ఎవరూ అడక్కుండానే తీసేశాడు.

“లింబగుడకి ఫోన్ కలపండి,” అన్నారు ప్రెసిడెంటు.

వరమ్మ తన ఫోన్‌ని ఊళ్ళో కోడలికే ఇచ్చి వచ్చింది. షాలోమ్ వరమ్మ కొడుకు నంబరుకి చేసి, స్పీకర్‌లో పెట్టి బల్ల మధ్యలో, కుప్పల నడుమ ఉంచింది. కనక తోటలోనే ఉంది. మొగుడి ఫోన్లో మాట, అత్త ఫోన్లో పేజీ.

“కనకా, పేజీ తెరువు,” అంది వరమ్మ. “తెరిసి పళ్ళు కొయ్యి. పైకి లెక్కెట్టు. బటన్ కనబడగానే ఆపీ.”

“సరే అత్తా. నొక్కినాను.” ఆకుల చప్పుడు వినబడింది. “ఒకటి.”

ప్రెసిడెంటు గారు కుర్చీ ముందుకి లాక్కున్నారు.

“రెండు. మూడు.” కొంచెం ఆగింది. “నాలుగు.”

ఆ తర్వాత ఏమీ వినబడలేదు. సిగ్నల్ పోయిందేమోనని షాలోమ్ ఫోన్ మీదకి వంగింది.

“అత్తా,” అంది కనక, నమ్మలేనట్టు. “వొచ్చీసింది. ‘కావాలి’ పెద్దగా ఉన్నాది. నొక్కీసినాను. ఎక్కడికీ జరగనేదు.”

ఫల్గుణ ల్యాప్‌టాప్ తెర మీద లింబగుడ పేరు వెలిగింది. పక్కనే ‘ఖాయం’. పన్నెండు మంది ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. మాధవి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. జగన్నాథరావు గారు తీర్మానం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు, సంతకం లేకుండా. ఇరవై ఒక్క పళ్ళు నాలుగు పళ్ళయ్యాయి. షాలోమ్ చదువు మొత్తం మీద ఇంత గొప్ప మార్కు ఎప్పుడూ రాలేదు, వస్తుందని కూడా నేను అనుకోను.

మిగతా ఆడవాళ్ళూ వరమ్మలాగే ఫోన్లు ఇళ్ళల్లో ఇచ్చి వచ్చారు. రోజూ ఆ వేళకి ఊళ్ళల్లో ఎవరో ఒకరు పేజీ కోసం తిప్పలు పడుతూనే ఉంటారు. ఇవాళ వాళ్ళకి తిప్పల్లేకుండా తెరుచుకుంది. లింబగుడ కింద ఇంకో పేరు వచ్చింది. ఇంకోటి. రెండూ ముప్పావుకి గట్టు మీది ఊరు కూడా ఎక్కింది. మొత్తం తొమ్మిది ఊళ్ళు. రోజూ వచ్చేవి ఐదో, ఆరో. పేరు ఎక్కిన ప్రతి ఊరికీ సైటు తనంతట తానే మెసేజ్ పంపింది. ‘మీ బండి ఐదు గంటలకు వస్తుంది.’

మీకు చెప్పని సంగతి ఒకటి మిగిలింది. ఆ గదిలో అందరికీ తెలిసిందే కాబట్టి ఎవరూ పైకి అనలేదు. కొండ మీదకి తిరిగే బళ్ళు రెండు. రెండూ కొండబాబువే. ఏజెంటు పని పోయినా, సొసైటీకి అద్దెకి తిప్పుతున్నాడు.

కొండబాబు తెర మీది తొమ్మిది పేర్లూ నిదానంగా చదివాడు. చొక్కా సర్దుకున్నాడు. “ఫోటో కిందకి దించినోళ్ళు బస్తాలు కూడా దించుకుంటారులెండి,” అని గుమ్మం దాటాడు.

“కొండబాబూ, ఆగు,” అన్నారు ప్రెసిడెంటు లేస్తూ. బయట ఒక బండి స్టార్టయింది. దాని వెనకే రెండోది. రెండూ సంత రోడ్డు వైపు తిరిగి వెళ్ళిపోయిన చప్పుడు లోపలికి వినబడింది.

బల్ల మీద ఫోన్ మోగింది. కనకే.

“అత్తా, మెసేజొచ్చింది. ఐదుకి బండంట. ఊరంతా సెప్పీసినాను. అందరూ తోటలోకి దిగిపోనారు, ఇయ్యాల పది బస్తాలు దాటుతాది. నిజంగా వొత్తాది కదా?”

షాలోమ్ వరమ్మ వైపు చూసింది. ఇంతకాలం పేజీ తెల్లబోయి ఊరుకుంది, ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఇవాళ తొమ్మిది ఊళ్ళకి మాటిచ్చేసింది. దానికి మాటివ్వడం నేర్పింది తను.

వరమ్మ ఫోన్ అందుకుంది. “వొత్తాది,” అంది. గొంతులో తడబాటు లేదు. “నానే తీసుకొత్తన్నాను. మీరు కొయ్యండి.”

ఫోన్ కట్ చేసి బల్ల మీద పెట్టి, షాలోమ్ వైపు తిరిగింది.

“మాటిచ్చీసినాను. ఇప్పుడు సెప్పు గుంటా, బండెక్కడుంది?”